రెండు జీబీల కార్డు

ఆదివారం పొద్దున ఎనిమిది కాకముందే సెంటినరీ కాలనీలో ఓ క్వార్టరు ముందు తెల్లకారు హారన్ మోగింది. లింగమూర్తి చాయ్ గ్లాసును అరుగు మీద ఠక్కున పెట్టాడు. ఆ హారన్ ఎవరిదో చూడకుండానే చెప్పగలడు. జ్యోతినగర్ నుంచి తోడల్లుడు వేణుమాధవ్ దిగబడ్డాడు, లింగమూర్తి కూతురు రవళిని తీసుకుపోవడానికి.

ఆర్నెల్లుగా ఇదే వరస. లింగమూర్తి బొగ్గుగనిలో బెల్టు ఆపరేటరు. లోపలి బొగ్గును పైకి మోసుకొచ్చే పొడవాటి రబ్బరు బెల్టును నడపడం, ఆపడం అతని పని. సెలవునాడు దిగితే రెట్టింపు జీతం కాబట్టి ఆదివారాలు కూడా గనిలోనే ఉంటాడు. వేణుమాధవ్ కరెంటు ప్లాంటులో ఇంజనీరు. పెళ్లయి పదేళ్లయినా పిల్లల్లేరు. అందుకని తొమ్మిదో తరగతి చదివే రవళిని ఆదివారమంతా తన ఇంట్లో ఉంచుకుని, కంప్యూటర్లో కార్ల పందెం ఆడించి, పొద్దుగూకేలోపు దింపిపోతాడు.

అంతవరకైతే లింగమూర్తి సర్దుకునేవాడే. సర్దుకోలేనిది ఆ తర్వాత మొదలయ్యే భజన.

"బాబాయ్ దగ్గర ఆట అరవై ఫ్రేములు నడుస్తది బాపూ. మనింట్ల ఇరవై సుత దాటది."

అన్నం తింటూ ఫ్రేములే, జడ వేయించుకుంటూ ఫ్రేములే. ఆటంటే కంప్యూటరు వరసగా గీసే బొమ్మలేనట. సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తే కారు అంత నున్నగా పరుగెత్తుతుందట. ముప్పైకి తగ్గితే కుంటుతుందట. ఇదంతా ఎవరు చెప్పారమ్మా అంటే బాబాయ్. బాబాయ్‌కి తెలియందంటూ లేదు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా లింగమూర్తికి కడుపు మండిపోయేది. సైకిలు నేర్పింది తను, జ్వరమొస్తే భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తింది తను. పేరు మాత్రం ఆ తెల్లకారు వాడికా!

అందుకే ఈ ఆదివారం డ్యూటీ మానేశాడు.

"రవళి ఇయ్యాల రాదు తమ్మీ," వేణుమాధవ్ కారు దిగీ దిగకముందే చెప్పాడు లింగమూర్తి. "మనింట్ల గూడ కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టిచ్చిన. నీ దాంట్ల ఒక్క జీబీనే గదా? మాది రెండు."

"అట్లనా అన్న! మంచి పని చేసినవ్. చూద్దాం పా," అంటూ వేణుమాధవ్ చెప్పులు విప్పి లోపలికే నడిచాడు. ఇది లింగమూర్తి అనుకున్న లెక్కలో లేదు.

కంప్యూటర్లో ఆ బొమ్మలు గీసే కార్డు తెచ్చింది నిన్ననే. దీపావళి బోనస్ పట్టుకుని గోదావరిఖనిలో హసన్ దుకాణానికి పోయాడు. "ఏ ఆట ఆడ్తరు అన్న? మానిటర్ ఎంతుంది? జీబీ ఒక్కటి చూసి తీస్కోవద్దు," అని హసన్ మంచికే చెప్పబోయాడు. "గవన్ని నాకెందుకు భాయ్. ఒక్క జీబీ కన్న పెద్దది ఇయ్యి, జల్ది ఇయ్యి," అన్నాడు లింగమూర్తి. ఇరవై ఏళ్లుగా షిఫ్టుకు ఎన్ని టన్నులన్న మాట వింటూ బతికిన మనిషి. పెద్ద అంకె ఎవరిదైతే గెలుపు వాళ్లదే అనుకున్నాడు.

రవళి ఆట పెట్టింది. తెర మీద ఎర్రకారు కదిలింది, ఆగింది, మళ్లీ గెంతింది. మూలన ఉన్న అంకె ఇరవై మూడు.

"ఇంకోసారి పెట్టు," అన్నాడు లింగమూర్తి.

ఇరవై రెండు. రవళి తండ్రి వైపు చూడలేక కీబోర్డు మీది దుమ్ము తుడవసాగింది. కూతురి మొహంలో ఆ జాలి చూడగానే లింగమూర్తికి తల కొట్టేసినట్టయింది.

వేణుమాధవ్ మెల్లగా అన్నాడు. "అన్న, జీబీ ఎక్కువున్నా గాని..."

"నువ్వు జెప్పకు!" లింగమూర్తి అరుపుకు వంటింట్లోంచి భార్య శోభ చేతిలో గరిటెతోనే వచ్చింది. "నీ కారు, నీ ఏసీ, నీ అరవై ఫ్రేములు! గివన్ని చూపెట్టి నా బిడ్డను నాకు గాకుంట చేస్తున్నవ్. దానికిప్పుడు బాపు ఎందుకు? బాబాయ్ ఉండంగ!"

"ఏందయ్యా ఆ మాటలు? ఇంటికొచ్చిన మనిషిని గట్లంటరా?" శోభ గదమాయించింది.

వేణుమాధవ్ మొహం నల్లబడింది. గుమ్మం దాకా పోయి ఆగాడు.

"ఒక్క మాట చెప్పి పోత అన్న. ఈ ఫ్రేముల ముచ్చట నేను నెల దినాలు చెప్పిన. రవళికి ఎక్కలే. ఒకనాడు తనే అన్నది, 'బాబాయ్, ఇది మా బాపు బెల్టు లెక్కనే గదా' అని. 'బొగ్గు నింపే బంకరు ఎంత పెద్దగుంటే ఏంది, కింద బెల్టు మెల్లగ నడిస్తే బొగ్గు పైకి రాదు' అన్నది. జీబీ అంటే బొమ్మల సరుకు నింపుకునే బంకరంట. కార్డు జోరు బెల్టంట. ఇంజనీరును, నాకు గంత తేటగ చెప్పరాలే. ఎవరు చెప్పిన్రు బిడ్డా అంటే, మా బాపు అన్నది."

లింగమూర్తి కాళ్ల కింది గచ్చు వైపు చూశాడు. రవళి రెండో తరగతిలో ఉన్నప్పుడు ఇదే గచ్చు మీద సుద్దముక్కతో బంకరూ బెల్టూ గీసి చూపించాడు. తను ఎప్పుడో మర్చిపోయాడు.

"మా ఇంట్ల పొద్దంత నీ ముచ్చటే," అన్నాడు వేణుమాధవ్. "నిజం చెప్పాల్నంటే ఓర్వలేనిది నేనన్న. నన్ను బాపు అని పిలిచేటోళ్లు ఎవరున్నరు?"

రవళి వెక్కుతూ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాకు అరవై ఫ్రేములు వద్దు బాపూ. మనింట్ల ఆట మంచిగ నడిస్తే, నువ్వు ఆదివారం డ్యూటీకి పోకుంట నా పక్కన కూసుంటవని గా ఫ్రేముల ముచ్చట తీసిన."

లింగమూర్తి కళ్లు నిండాయి. ఇన్నాళ్లూ తన చోటు ఎవరో లాక్కున్నారని రగిలిపోయాడు. ఆ చోటు అలాగే ఉంది, అందులో కూర్చోనిది తనే. తువ్వాలతో మొహం తుడుచుకుని తోడల్లుడి భుజం పట్టుకున్నాడు.

"ఇరవై ఏండ్లు బెల్టు నడిపినోన్ని, బంకరు చూసి కొన్న తమ్మీ. నన్ను జూసి నవ్వు. గాని గిట్ల మాత్రం పోకు."

గంట తర్వాత ముగ్గురూ తెల్లకారులో హసన్ దుకాణానికి పోయారు. ఈసారి లింగమూర్తే అడిగాడు. "జీబీ ఒక్కటైనా పర్వాలే భాయ్. బొమ్మలు జోరుగ గీసేది చూడు. మా మానిటర్ సెకనుకు అరవై బొమ్మలే చూపెడ్తదంట, అంతకుమించింది దండుగ. పాత పవర్ సప్లై తట్టుకుంటదా, అది గూడ చూడు." హసన్ నవ్వి, రెండు జీబీల కార్డు వాపసు తీసుకుని, ఒక్క జీబీది చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం ఆ క్వార్టర్లో ఎర్రకారు తెర మూలన యాభై ఎనిమిది అంకె వేసుకుని నున్నగా పరుగెత్తింది. తోలుతున్నది లింగమూర్తి. మూడుసార్లు గోడకు కొట్టాడు. రవళి పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు విని లింగమూర్తి నాలుగోసారి కావాలనే కొట్టాడు.

పొద్దు వాలుతుంటే వేణుమాధవ్ లేచాడు. లింగమూర్తి కారు దాకా వెళ్లి, తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"వచ్చే ఆదివారం గూడ హారన్ కొట్టు తమ్మీ," అన్నాడు. "మేమిద్దరం తయారుగ ఉంటం."