పిచ్చమ్మ తొమ్మిది కాసులు

తబస్సుమ్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. అసిస్టెంటు మాథ్యూ కుర్చీ జరిపి మంచినీళ్లు ఇచ్చాడు. నెల్లూరులో జయశీల నడిపే ఆ చిన్న డిటెక్టివ్ ఆఫీసుకు భయపడుతూ వచ్చేవాళ్లు అతనికి కొత్త కాదు. ఈ అమ్మాయి మాత్రం గ్లాసు పక్కన పెట్టేసి నేరుగా జయశీల వైపు తిరిగింది.

“మా అబ్బాజాన్‌ని దొంగంటున్నారు మేడమ్. రేపు సాయంత్రంలోగా కాసులు తెచ్చివ్వకపోతే పోలీసులకు పట్టిస్తారంట.”

ఆమె తండ్రి చోటే సాహెబ్ విడవలూరు బజారులో నలభై ఏళ్లుగా బంగారం పరీక్ష చేస్తున్నాడు. ఆయన గీటురాయి మీద గీసి మంచిదంటే ఆ చుట్టుపక్కల ఇంకొకరిని అడిగేవాళ్లు లేరు. మూడు వారాల కిందట సముద్రం ఒడ్డు పల్లె నుంచి పిచ్చమ్మ అనే ఆవిడ తొమ్మిది పాత బంగారు కాసులు తెచ్చింది. మొగుడికి గుండె ఆపరేషన్ చేయించాలి, అమ్మేముందు మంచివో కావో చూడమంది. మూట ఆయన దగ్గరే వదిలి మందుల షాపుకు పోయి గంటకు తిరిగొచ్చింది. అన్నీ అసలైనవేనని చోటే సాహెబ్ చెప్పి ఇచ్చాడు. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాక, నిన్న వాటిని నెల్లూరులో ఒక నగల షాపుకు తీసుకుపోయింది. వాళ్లు ఒక కాసును కత్తిరించి చూశారు. లోపలంతా ఇత్తడి.

“ఆ గంటలో మార్చేసినాడంటున్నారు,” అంది తబస్సుమ్.

“పరీక్ష చేసేటప్పుడు నువ్వు పక్కనే ఉన్నావా?” జయశీల అడిగింది.

తబస్సుమ్ తల దించుకుంది. “ఎప్పుడూ ఉంటాను మేడమ్.”

ఆ జవాబు వెనక ఇంకేదో ఉందని మాథ్యూకు అనిపించింది. జయశీల మాత్రం రెట్టించి అడగలేదు. బ్యాగు తీసుకుని లేచింది.

పిచ్చమ్మ ఇంటి వాకిట్లో వలలు ఆరుతున్నాయి. లోపల మంచం మీద ఆమె భర్త గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. మరిది పెంచలకృష్ణ గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు. “ఆ సాయిబు తరఫున వచ్చినారా?” అన్నాడు.

“నిజం తరఫున వచ్చినాను. కాసులు చూపిస్తారా?”

జయశీల భూతద్దాన్ని మాథ్యూ చేతికిచ్చింది. అతను ఒక్కొక్కటే తిప్పి చూశాడు. మెరుపు బాగానే ఉంది. కాసు మీది రాజు బొమ్మ గడ్డం కింద, అంచున, చిన్న గాటు. రెండో దానికీ అక్కడే, మూడో దానికీ అక్కడే. తొమ్మిదింటికీ ఉంది.

“ఇవి ఎక్కడివమ్మా?” అని పిచ్చమ్మను అడిగింది జయశీల.

“మా అమ్మ పోతా పోతా పది కాసులు పెట్టింది. ఒకటి మా చెల్లెలు ఏసుమణికిచ్చినాను. మిగతావి కష్టానికని ట్రంకుపెట్టెలో దాచినాను. తాళంచెవి నా బొడ్లోనే ఉంటది.”

“సాహెబ్‌కు చూపించి తెచ్చాక మధ్యలో ఎప్పుడైనా తీశావా?”

“ఆయనకి నొప్పొచ్చి ఆస్పత్రిలో రెండు రోజులున్నాము. అప్పుడు తాళంచెవి ఏసుమణికిచ్చిపోయినా. గుడ్డలు తెచ్చిపెట్టాల గదా. అది పక్కింట్లోనే ఉంటది.”

మంచం పక్కన ఏసుమణి అక్క భర్తను లేపి కూర్చోబెట్టి జావ తాగిస్తోంది.

అక్కణ్నించి ఇద్దరూ చోటే సాహెబ్ కొట్టుకు వెళ్లారు. మాథ్యూ ముందు నడిచి గడప దాటాడు. ముసలాయన చిరునవ్వుతో, “రామ్మా, కూర్చో,” అన్నాడు. మాథ్యూ తికమకపడ్డాడు. జయశీల అతణ్నీ, కొట్లోనే ఉన్న తబస్సుమ్‌నీ బయట ఉండమని తలుపు దగ్గరగా వేసింది. లోపల ముసలాయన గొంతు బతిమాలుతున్నట్టు లేచి, అణిగిపోయింది. బయటికి వచ్చేసరికి జయశీల ముఖం వాడిపోయి ఉంది.

“ఆయన్ని గట్టెక్కించే దారి ఒక్కటే ఉంది మాథ్యూ. అది ఆయనకి ఇష్టం లేదు.”

మర్నాడు మధ్యాహ్నం అందరినీ ఆ కొట్లోకే పిలిచింది. బజారు జనం గుమ్మం బయట మూగారు. పరీక్షకు ఒక అసలు కాసు కావాలని అడిగితే ఏసుమణి తన కాసు తెచ్చింది. షాపువాళ్లు కత్తిరించినది పక్కన పెట్టి, మిగిలిన ఎనిమిదింటిలో ఏసుమణి కాసును కలిపి, జయశీల ఆ తొమ్మిదింటినీ సాహెబ్ ముందు పోసింది.

ముసలాయన ఒక్కొక్కదాన్ని వేళ్ల మధ్య నలిపి, అరచేతిలో ఎగరేసి, రాయి మీద జారవిడిచి చెవి ఒగ్గాడు. ఆరోది పడగానే సన్నని మోత చాలాసేపు నిలిచింది. “ఇదొక్కటే బంగారం. మిగతావి మందంగా ఉన్నా బరువు రాలేదు,” అన్నాడు. చెబుతున్నప్పుడు ఆయన ముఖం గోడవైపు ఉంది.

“రాయి మీద గీయనే లేదే?” అన్నాడు పెంచలకృష్ణ.

“గీత ఆయనకు కనిపించదు,” అంది జయశీల. “రెండేళ్లుగా చూపు లేదు. అయినా ఇత్తడి ఆ వేళ్లను దాటిపోలేదని ఇప్పుడు మీరే చూశారు. పిచ్చమ్మ ఆ రోజు తెచ్చినవి బంగారమే.”

“అట్టయితే తెలిసే మార్చుండాడు.”

“దొంగ కాసులు ముందే పోయించి సిద్ధంగా పెట్టుకుంటేనే మార్చడం కుదురుతుంది. తొమ్మిదింటికీ ఒకేచోట గాటు ఉంది. దెబ్బలు తగిలి ఏర్పడిన గాట్లయితే ఒక్కోదానికి ఒక్కోచోట ఉండాలి. అంటే అన్నిటినీ ఒకే కాసు మీద అచ్చు తీసి పోశారు. ఆ అసలు కాసు ఏది?” ఆమె సాహెబ్ ఏరిన కాసును పెంచలకృష్ణకు అందించింది. రాజు గడ్డం కింద గాటు ఉంది. “ఇది ఈ రోజు తప్ప ఎన్నడూ ఈ కొట్టుకు రాలేదు. ఎవరి దగ్గరుందో, ఆస్పత్రిలో ఉన్న రెండు రోజులూ తాళంచెవి ఎవరి దగ్గరుందో మీకు తెలుసు.”

ఏసుమణి పరిగెత్తలేదు, బుకాయించనూ లేదు. కింద కూర్చుండిపోయింది.

“అమ్మ ఇద్దరికీ అమ్మే గదక్కా. నాకొకటి, నీకు తొమ్మిది. నా కొడుక్కి కృష్ణపట్నం కరెంటు ప్లాంటులో పర్మనెంటు పని ఇప్పిస్తానని ఒకాయన చెప్పినాడు. తొమ్మిదీ ఆయనకిచ్చేసినా. నువ్వు అమ్ముతావని అప్పటికి తెలీదు. నా కాసు అచ్చు తీసి పోయించిన ఇత్తడివి ఏళ్లకేళ్లు పెట్టెలోనే ఉంటాయనుకున్నా.”

“ఆ మనిషి ఎక్కడున్నాడు?” జయశీల అడిగింది.

“కాగితం ఇచ్చినాడు. అది దొంగ కాగితమంట. రూము ఖాళీ చేసి పోయినాడు. ఫోను పలకడం లేదు.”

“కాసులు?”

“ఎప్పుడో కరిగించేసుంటాడు.”

మాథ్యూ జయశీల వైపు చూశాడు. ఎన్నో చిక్కుముళ్లు విప్పిన ఆ కళ్లలో ఈసారి గెలుపు లేదు. కేసు పెడదామా అని ఆమె మెల్లగా అడిగితే పిచ్చమ్మ తల అడ్డంగా ఊపింది.

“కేసు పెడితే కాసులొస్తాయా? మా ఆయన్ని లేపి కూర్చోబెట్టేది కూడా అదొక్కతే.” ఏసుమణి తన కాసును అక్క ఒళ్లో పెట్టింది. పిచ్చమ్మ దాన్ని తోసేయలేదు, తీసుకోనూ లేదు. పెంచలకృష్ణ సాహెబ్ చేతులు పట్టుకుని తప్పయిపోయిందన్నాడు. ముసలాయన సరేనన్నాడు.

జనం పలచబడ్డారు. గుమ్మం పక్కన పొద్దుటి నుంచి కాచుకున్న ఒక నడివయసావిడ ముక్కుపుడకను చేతిలో పట్టుకుని లోపలికి తొంగిచూసింది. సాహెబ్ చూపులేని కళ్లలోకి చూసింది. పుడకను కొంగున ముడేసుకుని చప్పుడు లేకుండా వెళ్లిపోయింది.

“ఎవరో వచ్చినట్టున్నారు తబస్సుమ్,” అన్నాడు చోటే సాహెబ్, రాయిని తుడుస్తూ.

తబస్సుమ్ వీధివైపు చూసింది. “ఎవరూ లేరు అబ్బాజాన్.”