టేపు కింద నెత్తురు

ఉదయం ఆరుంబావు. మునిసిపాలిటీ చెత్త వేరుచేసే షెడ్డులో సూపర్‌వైజర్ బోర్లా పడి ఉన్నాడు. తల వెనకభాగం నుజ్జునుజ్జయింది. మొత్తం తొమ్మిది దెబ్బలని డాక్టర్ తేల్చాడు. కసితీరా కొట్టారన్నమాట!

పదింటికల్లా హెడ్ కానిస్టేబుల్ కేసు తేలిపోయిందన్నాడు. ముందురోజే లారీ డ్రైవర్ సూపర్‌వైజర్ కాలర్ పట్టుకుని "నిన్ను చంపి ఇదే చెత్తలో కలిపేస్తా" అని అరిచాడు. షెడ్డంతా విన్నది. ఇంకేం కావాలి?

ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కి వచ్చేసరికి డ్రైవర్ పెదవి చిట్లి, ఒక కన్ను మూసుకుపోయి ఉంది.

"ఎవడు కొట్టమన్నాడయ్యా నిన్ను?" హెడ్ మీద విరుచుకుపడ్డాడు.

బయట డ్రైవర్ భార్య కాళ్లావేళ్లా పడింది. "మా ఆయనది నోటి దురుసే గానీ చెయ్యి దురుసు కాదు బాబూ. నాలుగింటికి జైలుకి పంపేస్తారంట!"

"గొడవ దేనికమ్మా?"

"బ్యాటరీ సెల్లులు, ట్యూబ్‌లైట్లు, రంగుడబ్బాలు విడిగా ఎర్ర డబ్బాలో వెయ్యాలని రూలు పెట్టారుగా. ఈయన అన్నీ కలిపేసి లారీలో కొడతాడు. సూపర్‌వైజర్ మూడుసార్లు నోటీసిచ్చాడు. అదే గొడవ."

ఇన్‌స్పెక్టర్ తిన్నగా షెడ్డుకి వెళ్లాడు. ఇనప సామాను డబ్బాలో సూపర్‌వైజర్ ఉక్కు టార్చి దొరికింది. నిండా నెత్తురు. లోపల సెల్లులు లేవు.

అవి ఎర్ర డబ్బాలో ఉన్నాయి. రెండు చార్జింగ్ సెల్లులు, కొసలకి నీటుగా టేపు. టేపు లేకపోతే ఒకదానికొకటి తగిలి నిప్పు పుడుతుందని గోడ మీద రాసే ఉంది.

ఇన్‌స్పెక్టర్ టేపు ఊడదీశాడు. దాని కింద నెత్తురు.

"అయితే ఏంటి సార్?" అన్నాడు హెడ్.

"చంపాక అంటించారయ్యా. శవం కాళ్ల దగ్గరుండగా."



ఆరింటికి లోపలున్నది ముగ్గురే. డ్రైవర్, వాచ్‌మన్, చెత్త వేరుచేసే ఆడవాళ్లకి పెద్ద అయిన అక్క. అందరూ ఆమెని అక్కా అనే పిలుస్తారు. నెల కిందట ఇదే షెడ్డు అంటుకున్నప్పుడు ఆమె తమ్ముడు కాలిపోయాడు.

మూడున్నరకి ముగ్గుర్నీ షెడ్డులో నిలబెట్టాడు ఇన్‌స్పెక్టర్. అలాంటిదే మరో టార్చి తెప్పించాడు.

"ఇది పాడైపోయింది. పారెయ్."

డ్రైవర్ ఉన్నదున్నట్టు దగ్గర్లో ఉన్న డబ్బాలోకి విసిరాడు. వాచ్‌మన్ కూడా అంతే.

అక్క చేతికిచ్చాడు. ఆమె వేళ్లు వాటంతటవే మూత తిప్పాయి. సెల్లులు అరచేతిలోకి జారాయి. రెండో చెయ్యి నడుముకి వేలాడే టేపు చుట్ట మీదికి పోయింది.

అక్కడే ఆగిపోయింది.

"పొద్దున కూడా ఇలాగే చేశావు కదమ్మా?"

 అక్క టేపు వదిలేసింది.

"ఫ్యాక్టరీ సెల్లుల లోడు మామూలు చెత్తలో కలిపించింది ఆ సూపర్‌వైజరే సార్. ఎర్ర డబ్బాల బండి మళ్లీ తిప్పడానికి బద్ధకం! అందుకే షెడ్డు అంటుకుంది. నా తమ్ముడు మంటల్లో తలుపుదాకా పాకాడు. గొళ్లెం అందలేదు. పొద్దున వాణ్ణి నిలదీశా. 'చెత్త ఏరుకునేవాళ్లకి ఇవన్నీ మామూలే' అని నవ్వాడు. చేతిలో టార్చి లాక్కున్నా. వాడు పడ్డాక కూడా కొట్టా."

"చంపినదానివి, టేపు దేనికి?"

"ఇంకో పది నిమిషాల్లో పదకొండు మంది ఆడోళ్లు పనిలోకి వస్తారు సార్. నా కోపానికి వాళ్లు కాలిపోవాలా?"

"మరి ఇతన్ని జైలుకి పంపుతుంటే నోరు మూసుకున్నావే?"

అక్క డ్రైవర్ మొహం చూసింది. మూసుకుపోయిన కన్ను చూసింది. అప్పుడొచ్చింది ఏడుపు.

"కొడతారనుకోలేదురా తమ్ముడూ. తప్పయిపోయింది."

డ్రైవర్ తల తిప్పుకున్నాడు. 

హెడ్ సాక్ష్యం సర్దేస్తున్నాడు. నెత్తుటి సెల్లులు రెండూ ఒకే కవర్లో వెయ్యబోయాడు.

"టేపు పీకేశారుగా సార్," బేడీలు పడ్డ చేతులెత్తి అంది అక్క. "అలా కలిపి పెట్టకండి."

ఇన్‌స్పెక్టర్ ఇంకో కవర్ తెప్పించాడు.