ఇంటికో రాయి

శౌనక్‌కి ఉప్పు టీ అస్సలు ఎక్కలేదు. అయినా అత్తగారు పోస్తూనే ఉంది, వాడు తాగుతూనే ఉన్నాడు. ఆ లడాఖ్ కొండల్లో, రుమ్‌చెన్ ఊళ్ళో కప్పు ఖాళీ చేశావంటే ఇంకా కావాలని అర్థం. ఆ సంగతి మొగుడికి చెప్పకుండా కున్జెస్ బుఖారీ పొయ్యి పక్కన కూర్చుని తనలో తనే నవ్వుకుంటోంది.

"దేశాలన్నీ తిరిగొచ్చారు," అంది వాళ్ళమ్మ, బుఖారీలో పిడక వేస్తూ. "చివరికి మా దొడ్డి వెనక తిరిగే పిల్లి కోసం వచ్చావా అల్లుడూ?"

"పిల్లి కాదు ఆమా-లే. మంచు చిరుత."

"గొర్రెని ఎత్తుకుపోయాక పిల్లయితే ఏంటి, చిరుతయితే ఏంటి. రెండూ దొంగముండలే."

పెళ్ళయిన దగ్గర్నుంచీ మొగుడూ పెళ్ళాల పనే అది. బ్రెజిల్ బురదల్లో జాగ్వార్, ఉగాండా కొండల మీద గొరిల్లా, ఉత్తరాన మంచు సముద్రం మీద తెల్ల ఎలుగుబంటి. కనిపెట్టేది కున్జెస్, ఫొటో తీసేది శౌనక్. లడాఖ్ పిల్ల కదా, కొండ మీద చీమ కదిలినా దొరకబుచ్చుకుంటుంది. వాడికి ఎప్పుడో ఒకసారి జంతువు ముందు కనబడిందా, ఇక ఆగడు. పెళ్ళాం చెవి దగ్గరకొచ్చి గుసగుసగా "కున్జెస్... ఇటు చూడు" అంటాడు. అదొక గెలుపు వాడికి.

ఒక్కటే చిత్రం. వాడి ఫొటోల్లో ఏ జంతువూ కెమెరా వైపు చూడదు. కాస్త పక్కకి చూస్తుంటుంది. ఆ పక్కన ఎప్పుడూ కున్జెసే నిలబడి ఉంటుంది.

"మీ చుట్టాలా ఏంటే ఇవన్నీ?" అని ఏడిపించేవాడు. "నేను అంత దూరం బరువులు మోసుకొస్తే నీ మొహమే చూస్తాయి."

కున్జెస్ నవ్వేసేది. కానీ ఎలుగుబంటి అలా తేరిపార చూసిన రోజు రాత్రంతా తనకి నిద్ర పట్టలేదు. ఎందుకో వాడికి చెప్పలేదు.

ఊరికొచ్చి వారం దాటుతున్నా మంచు చిరుత తోక కూడా కనబడలేదు. శౌనక్‌కి పిచ్చెక్కిపోతోంది. ఊరి పిల్లల్ని పోగేసి తోడేలులా ఊళ వేసి నవ్వించడం తప్ప పనేం లేదు. ఆ విద్యలో మాత్రం వాడు మొనగాడు. తల వెనక్కి వాల్చి వేశాడంటే ఊళ్ళో కుక్కలన్నీ లేచి మొరుగుతాయి. అలా వేసినప్పుడే పక్కింటి నుర్బూ తాత, వాళ్ళ భాషలో మేమే నుర్బూ, చేతిలో జపమాలతో గుమ్మంలోకొచ్చాడు. ముసలాయన మొహం ఎర్రబడింది.

"చలికాలంలో దాన్ని పిలవకు బాబూ."

"దేన్ని తాతా?"

ముసలాయన కున్జెస్ వంక ఒక్కసారి చూసి లోపలికెళ్ళిపోయాడు.

దాంతో చెప్పక తప్పలేదు కున్జెస్‌కి. ఊరికి పైన, మలుపు దాటాక తోడేళ్ళ గొయ్యి ఉంది. రాళ్ళతో కట్టింది, రెండు నిలువుల లోతు. గోడలు లోపలికి వాలి ఉంటాయి, కుండ మూతిలా. దూకడం తేలిక, ఎక్కడం ఎవరివల్లా కాదు. అడుగున మేకపిల్లని కట్టేస్తే తోడేలు దూకేది. దూకగానే చూసినవాళ్ళు "పడింది" అని కేక వేసేవాళ్ళు. ఆ కేక వినగానే ఇంటికొకరు, ఇంటికో రాయితో వెళ్ళాలి. ఒక్కడి చేత్తో చంపితే పాపమంతా వాడిదే కదా, అందుకని పంచుకుంటారు. మేకపిల్ల ఎవరిదో మొదటి రాయి వాళ్ళది. గోతికి వీపు పెట్టి నిలబడి, భుజం మీదుగా వెనక్కి విసరాలి. ఎవరూ లోపలికి చూడకూడదు.

"చూస్తే?"

"అది గుర్తుపెట్టుకుంటుంది."

"ఇప్పుడూ చేస్తారా?"

"ఛ. ఎప్పుడో మానేశారు. నా చిన్నప్పుడు ఆఖరిది. ఆ మేకపిల్ల మా ఇంటిది."

అక్కడితో ఆపేసింది. ఆ రోజు నాన్న తనని భుజాల మీద ఎక్కించుకుని, తన చేతికే రాయి ఇచ్చాడని చెప్పలేదు. విసిరాక తను తల తిప్పి గోతిలోకి చూసిందనీ చెప్పలేదు. లోపల ఉన్నది ఆడ తోడేలు. పిల్లల తల్లి. రొమ్ముల నుంచి పాలు కారుతున్నాయి. అది గోడ ఎక్కడానికి ప్రయత్నించడం మానేసి, తల ఎత్తి కున్జెస్‌నే చూస్తూ ఉంది. రాళ్ళు పడుతున్నా చూపు తిప్పలేదు. ఆ పాల వాసన, రక్తం వాసన... ఆ రోజు నుంచి కున్జెస్ పాలు తాగలేదు.

మర్నాడు మధ్యాహ్నం దొడ్లో ఒక మేకపిల్ల తక్కువైంది. శౌనకూ లేడు.

కున్జెస్‌కి అర్థమైపోయింది. బూట్లు తొడుక్కుని ఒక్క ఉరుకున కొండెక్కింది. ఆకాశం అప్పటికే బూడిద రంగుకి తిరిగింది, గాలి ఆగిపోయింది. గోతి దగ్గరికి రాగానే లోపల్నుంచి మేకపిల్ల అరుపు, దాంతోపాటు మొగుడి పాట.

"ఏం చేస్తున్నావు అందులో?"

"వచ్చావా తల్లీ," అన్నాడు కింద నుంచి. "దీన్ని ఇక్కడ కడితే చిరుత అంచు మీదకొచ్చి తొంగిచూస్తుంది. కెమెరా ఎదురుగా రాళ్ళల్లో పెట్టా. సాయంత్రానికల్లా మనం హీరోలం."

"దిగింది బానే ఉంది. ఎక్కేదెలా?"

శౌనక్ గోడ మీదకి ఓసారి చెయ్యి చాచి చూశాడు.

"అదే ఆలోచిస్తున్నా. నువ్వు చెప్పింది నిజమేనే. కుండే ఇది."

నవ్వుతున్నాడు గానీ నీలం చేతితొడుగులు తీసిన వేళ్ళకి గోళ్ళ దగ్గర చర్మం లేచిపోయి ఉంది. చాలాసార్లు ఎక్కబోయి జారాడన్నమాట. మంచు మొదలైంది. ముందు నాలుగు రేకులు, తర్వాత గుప్పిళ్ళతో విసిరినట్టు. ఈ మంచులో చీకటి పడేవరకూ అందులో ఉంటే మనిషి గడ్డకట్టుకుపోతాడు. అది కున్జెస్‌కి తెలుసు. వాడికీ తెలుసు, అందుకే జోకులు వేస్తున్నాడు.

ఊరు కిందకి దూరం. దానికన్నా పైనున్న గొర్రెల కాపర్ల గుడిసే దగ్గర. అక్కడ తాడు ఉంటుంది.

"తాడు తెస్తా. కదలకు."

"ఎక్కడికి కదుల్తానే?"

"ఈ మంచులో దారి కనబడదు. నువ్వు అరుస్తూ ఉండు, ఆ గొంతు పట్టుకుని వచ్చేస్తా. ఆపకు."

"పాట పాడనా?"

"నీ పాట పది అడుగులు కూడా వినబడదు. ఊళ వెయ్యి."

ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. అప్పుడేమీ అనిపించలేదు.

గుడిసె దాకా వెళ్ళేసరికి తన చెయ్యి తనకే కనబడటం లేదు. తాడు మేకుకి వేలాడుతోంది, గడ్డకట్టి కర్రలా ఉంది. దాన్ని భుజానికి చుట్టుకుంటుంటే ఒక వాసన తగిలింది.

పచ్చిపాలు.

చలికాలం అది. ఊళ్ళో ఏ గొడ్డూ పాలివ్వడం లేదు. గుడిసెలో పేడ ఎండి రాయిలా ఉంది తప్ప ఏం లేదు. కున్జెస్ ముక్కుకి గుడ్డ చుట్టుకుని బయటపడింది.

కింద నుంచి శౌనక్ ఊళ వినిపిస్తోంది. సాగదీసి, చివర్లో వంచి, అచ్చం తోడేలే. ఆ గొంతు వైపే దిగుతోంది. ఒక ఊళ. కాస్త ఆగి ఇంకోటి. బతికే ఉన్నాడు. ఇంకో ఊళ.

తర్వాత...

కేక.

"పడింది..."

కున్జెస్ ఆగిపోయింది.

ఆడగొంతు. కొండ కింద ఊరిదాకా వినబడేలా, పాత పద్ధతిలో సాగదీసి వేసిన కేక.

"పడింది... పడింది..."

ఆ గొంతు తనకి తెలుసు. శౌనక్ తీసిన వీడియోల్లో ఎన్నిసార్లు వినుంటుంది.

అది తన గొంతే.

"కాదు," అంది గుసగుసగా. తర్వాత అరిచింది. "కాదు, ఆగండి. మనిషి. లోపల మనిషి." మంచు ఆ అరుపుని అక్కడికక్కడే మింగేసింది. పరిగెత్తింది. పడింది. లేచింది. మోకాలు రాయికి కొట్టుకుంది, నొప్పి తెలీలేదు. ఏది దారి, ఏది లోయ... ఒకే చోట ఎంతసేపు చుట్టూ తిరిగిందో తనకే తెలీదు. ఊళ వినబడాలి. ఊళ వినబడితే చాలు.

వినబడింది. కానీ అది ఊళ కాదు ఇప్పుడు. ఏదో అరుస్తున్నాడు. మాటలు. గాలి లేచి వాటిని చింపేస్తోంది.

ధబ్.

మొదటి రాయి.

కాస్త ఆగి... ధబ్. ధబ్. ఎవరూ మాట్లాడటం లేదు. రాయి తర్వాత రాయి, అంతే.

ఆ తర్వాత ఏమీ లేదు.

మలుపు దగ్గర మంచులోంచి మనుషులు వచ్చారు. ఒకరి వెనక ఒకరు, తలలు దించుకుని. వెనక్కి తిరిగి చూడకూడదు, అదీ పద్ధతే. ముందు మేమే నుర్బూ. చివర్న వాళ్ళమ్మ, వంగి మంచుతో చేతులు రుద్దుకుంటోంది.

"ఆమా... ఏం చేశారు?"

తల్లి తలెత్తింది. "ఏం చేయడమేంటి? నువ్వు కేక వేస్తే వచ్చాం."

"నేను వేయలేదు."

"చాలించు. ఊరంతా విన్నాం. ఈ చలికాలం ఎన్ని గొర్రెల్ని తినేసింది అది. ఎవరూ ఒక్క మాట అడక్కుండా వచ్చారు, నువ్వు పిలిచావని."

"ఆమా, శౌనక్ ఉన్నాడు అందులో."

మేమే నుర్బూ చేతిలో మాల ఆగిపోయింది. తల్లి చేతుల్లో మంచు కిందకి వదిలేసింది.

"ఊళ... తోడేలు ఊళ వేసింది కదే. మేం విన్నాం."

"నేనే వెయ్యమన్నా."

"మరి... నా పక్కన నిలబడ్డావు కదే నువ్వు." తల్లి ఓ అడుగు వెనక్కి వేసింది. "నేను చూడలేదు. కళ్ళు మూసుకున్నా. కానీ నీ గొంతే. మేకపిల్ల మా ఇంటిది, మొదటి రాయి మాది అన్నావు. నువ్వే వేశావు. ఎంత గట్టిగా వేశావో... కింద వాడు నిన్ను పేరు పెట్టి..."

ఆగిపోయింది. అప్పటిదాకా గాలి అనుకున్నది ఏమిటో ఇప్పుడే తెలిసినట్టు రెండు చేతులతో చెవులు మూసుకుని మంచులో కూలబడింది.

కున్జెస్ తాడు ఈడ్చుకుంటూ గోతి దగ్గరికి వెళ్ళింది. వెనక ఎవరూ రాలేదు. రాళ్ళ కుప్ప. రాళ్ళ మధ్యలోంచి నీలం చేతితొడుగు, వేళ్ళు పైకి చాచి. పక్కన కట్టు తెంచుకున్న మేకపిల్ల. దాని ఒంటి మీద గీత కూడా లేదు. అంతసేపు అరిచిన మేకపిల్ల ఇప్పుడు నోరు మూసుకుని, తల ఎత్తి కున్జెస్‌నే చూస్తోంది. రెప్ప వేయడం లేదు.

అంచు చుట్టూ మంచులో ఊరివాళ్ళ అడుగులు. అన్నిటి మడమలూ గోతి వైపే. ఒక్కచోట మాత్రం బూటు గుర్తులు గోతికి ఎదురుగా తిరిగి ఉన్నాయి. అక్కడ ఎవరో లోపలికి చూస్తూ నిలబడ్డారు.

కున్జెస్ తన కాలు ఆ గుర్తులో పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

గాలి ఆగింది. మంచు కూడా.

వెనక, చాలా దగ్గర్లో, చెవి పక్కనే, గుసగుసగా... ఎన్నో అడవుల్లో విన్న గొంతు.

"కున్జెస్... ఇటు చూడు."

ఆమె చూడలేదు. పళ్ళు బిగబట్టుకుని, తాడుని గుండెకి హత్తుకుని, ఎదుటి గోడనే చూస్తూ నిలబడింది. మెడ మీద వెచ్చగా ఊపిరి తగిలింది.

"ఇటు చూడు."

పచ్చిపాల వాసన.