గట్టు అవతలి పాఠం

పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టి, వరదమ్మ వసారాలో మందు కొట్టే డబ్బా కడుగుతోంది. ఆమె భర్త కుప్పయ్య పోయి పది నెలలు. పోయిన ఏడు పత్తికి పురుగుమందు కొడుతుంటే ఎదురుగాలికి అదంతా మీద పడి, చేలోనే పడిపోయాడు. ఆసుపత్రి దాకా కూడా రాలేదు ప్రాణం. ఇప్పుడు అదే చేను, అదే డబ్బా. ఈ ఏడు కొట్టాల్సింది ఆమె.

“వదినా, దాన్ని కింద పెట్టు.”

వాకిట్లో మరిది రాజారత్నం, నగరి బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. వ్యవసాయశాఖలో ఉద్యోగం అతనిది. మందులు తగ్గించి పురుగును ఎట్లా అదుపు చేయాలో పత్తి రైతులకు ఊరూరా తిరిగి నేర్పుతాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, సొంత అన్న చేను మాత్రం తొక్కలేదు. మూడేళ్ల కిందట బావి నీళ్ల వంతు దగ్గర అన్నదమ్ములకు మాటామాటా పెరిగింది. అంతటితో పలకరింపులు పోయాయి. నీళ్లు ఇద్దరికీ చాలేవే, మనసులే చాలలేదు.

“దినాలప్పుడు వచ్చి పోయినావు. మళ్లా ఇప్పుడా గుర్తొచ్చినాము?” అంది వరదమ్మ, తల ఎత్తకుండానే.

“పురుగు పడిందని పక్కచేను మునెయ్య చెప్పినాడు. మందు కొట్టొద్దు వదినా, నేను సూస్తా.”

“మీ అన్న ఉండంగా సూడాల్సింది.”

రాజారత్నం చేను దారి పట్టాడు. వరదమ్మ డబ్బా వదలకుండానే వెనక నడిచింది. చేను చుట్టూ ఆముదం మొక్కలు. ఆకులన్నీ జల్లెడలయ్యాయి, అడుగున సన్నపురుగులు కుప్పలుగా పాకుతున్నాయి. అతను నిలబడిపోయాడు.

“ఆముదం ఎవురు పెట్టమన్నారు?”

“మీ అన్న పోయినేడు పెట్టినాడు, అట్లే నేనూ పెట్టినా. చెప్పింది నువ్వే కదా!”

“నేనా? నేను అన్నతో మాట్లాడనే లేదే!”

“మాట్లాడలా. మునెయ్య చేలో అందరినీ కూర్చోబెట్టి చెప్పినావే, ఆ పొద్దు ఆయన ఈ గట్టు మీద నిలబడి విన్నాడు. పిలవని పేరంటానికి యాడ పోయేది? ఒక్కసారి పిలిచింటే పరిగెత్తి వచ్చుండేవాడు. ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? ‘మావోడు ఎంత బాగా చెప్తాడే! సుట్టూ ఆముదం పెడితే పురుగంతా దాని మీదికే పోతాదంట’ అని మురిసిపోయినాడు.”

రాజారత్నానికి ఆ రోజు గుర్తుంది. అన్నను చూశాడు. చూసి, చూడనట్టు అటు తిరిగి నిలబడ్డాడు. అసలు సంగతి చెప్పింది తిరిగాకనే. ఆముదం మీద గుడ్లు కనిపించగానే ఆ ఆకులు తెంపి నాశనం చేయాలి. లేకపోతే పురుగు అక్కడే పెరిగి పత్తి మీదికి దిగుతుంది. ఆ మాట గట్టు దాకా రాలేదు. సగం పాఠంతో సేద్యం చేసిన కుప్పయ్య, పురుగు మితిమీరేసరికి మందు మీద మందు కొట్టాడు.

“అన్న విన్నది సగమే, అసలు సంగతి నేను అటు తిరిగి చెప్పినా. నేనే సంపుకున్నా వదినా! మా అన్నను నేనే సంపుకున్నా!” గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పది నెలలుగా దాచుకున్న తిట్లన్నీ వరదమ్మ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ఆమె కళ్లూ కారిపోతున్నాయి.

“ఏడుపు తర్వాత. ఆయన విననిదేందో అది చెప్పు నాకు,” అని డబ్బా కింద పెట్టింది.

అతను లేచి ఒక ఆకు తిప్పాడు. “ఇట్ల... ఆకుతో సహా తెంపి... కిరసనాయిలు నీళ్లలో...” మాటలు గొణుగుడుగా వస్తున్నాయి.

వరదమ్మ ఆ ఆకు తెంపింది. చేను చివర, కుప్పయ్యను పూడ్చిన మట్టిదిబ్బ వైపు చూసింది.

“ఇంగా గట్టిగా చెప్పు రాజారత్నం,” అంది. “ఆయనకూ వినపడాల.”