బంగారు రేకు మీద బొట్టు

లేజర్ పేలింది. అనంతగిరి కొండల్లోని ఆ ల్యాబ్‌లో ఫిల్మ్ మీద మాత్రం మళ్ళీ ఏమీ పడలేదు. డాక్టర్ హైమవతి తల పట్టుకుంది.

ఆమె కట్టిన యంత్రం సామాన్యమైనదేమీ కాదు. బలమైన లేజర్ ఓ రాగి ముక్కను తాకితే, దాని చుట్టూ రెప్పపాటు కూడా నిలవని విద్యుత్ క్షేత్రాలు పుడతాయి. వాటిని చూడ్డం కంటి తరం కాదు. అందుకని పక్కనే ఓ పల్చటి బంగారు రేకును ఇంకో లేజర్‌తో కొడతారు. రేకు వెనక నుంచి ప్రోటాన్లు దూసుకొచ్చి, రాగి ముక్క పక్కగా పోతూ దారి వంగి, ఫిల్మ్ మీద నీలి నీడ గీస్తాయి. ఆ నీడే ఫోటో.

మొన్నటిదాకా ఫోటోలు బాగానే వచ్చేవి. ఆయుధపూజ నాడు టెక్నీషియన్ పైడిరాజు యంత్రమంతా బొట్లు పెడుతూ, భక్తి ఎక్కువై బంగారు రేకుక్కూడా ఒకటి పెట్టేశాడు. ఫోటో నిండా మరక! హైమవతికి ఒళ్ళు మండిపోయింది. "రేపట్నించి మీరు రావద్దు" అనేసింది. పైడిరాజు ఇంట్లో అతనొక్కడిదే సంపాదన. ఆ పైన రేకు మీద అణువంత మురికి కూడా మిగల్చని క్లీనింగ్ మెషీన్ పెట్టించింది. అప్పట్నించీ ఇదే వరస.

ఖాళీ ఫిల్మ్‌ని చూస్తూ చూస్తూ ఆమె ఉలిక్కిపడింది. ఆ ప్రోటాన్లు బంగారంలోంచి ఊడిరావు. రేకుకు అంటుకున్న తేమలో, జిడ్డులో ఉండే హైడ్రోజన్ నుంచే వస్తాయి. ఈ పాఠం ఏటా విద్యార్థులకు తనే చెబుతుంది! శుభ్రం పిచ్చిలో పడి మర్చేపోయింది.

వెంటనే కారు పంపి పైడిరాజును పిలిపించింది.

"తప్పు నాదే పైడిరాజు గారూ. మీరు రేపట్నించి మామూలుగా వచ్చేయండి. ముందు ఈ రేకును ఓసారి చేత్తో ముట్టుకోండి."

"అమ్మో, నాను ముట్టను మేడమ్! ఓపాలి ముట్టుకున్నందుకే కదేటి పొమ్మన్నారు. మీరే ముట్టుకోండి."

హైమవతి నూనె రాసిన తన జడ మీద వేలు రుద్ది, రేకుకు అద్దింది. లేజర్ పేలింది. ఫిల్మ్ నీలంగా తేలింది! రాగి ముక్క చుట్టూ క్షేత్రాల మడతలు స్పష్టంగా ఉన్నాయి. నడిమధ్యన ఆమె వేలి గీతలూ ఉన్నాయి. హమ్మయ్య అనుకుంటూ ఆమె కుర్చీలో కూలబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పైడిరాజు ఫిల్మ్‌ని దీపానికెదురుగా పట్టి తేరిపార చూశాడు. గుండెల మీద బరువు దిగిందేమో, నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఈ ఏలిముద్ర ఎవలిదో కనుక్కోని, రేపట్నించి రావొద్దని సెప్పెయ్యమంటారా మేడమ్?"