బట్ట తిప్పే చోటు

కన్నతల్లి కళ్లకు గంతలు కట్టినా సరే, వెయ్యి గొంతుల మధ్య తన బిడ్డ గొంతును పోల్చుకోగలదని లోకంలో ఒక నమ్మకం ఉంది. వినడానికి ఇంపుగా ఉన్న మాటకు సాక్ష్యం అడిగే అలవాటు లోకానికి లేదు గనుక, దీన్ని ఎవరూ పరీక్షకు పెట్టలేదు. కుట్టుపని చేసి ఇద్దరు బిడ్డలను పెంచి పెద్దచేసిన ఆ ఇంటి పెద్దావిడకు మాత్రం ఇది నమ్మకం కూడా కాదు, తన ఒంట్లో నెత్తురు ప్రవహించడమంత నిజం! వీధి వీధంతా ఆమెను మిషనమ్మ అని పిలిచేది. ముప్ఫై ఏళ్లపాటు ఆ ఇంట్లో తెల్లవారిందనడానికి గుర్తు కోడికూత కాదు, ఆమె కాలి కింద కుట్టుమిషను చేసే చప్పుడు. ఆ చప్పుడుతో పాటే ఒక పాట కూడా వినిపించేది. అది ఆమె తల్లి పాడిన పాట. ఏ పుస్తకంలోనూ లేనిది.

ఇప్పుడు ఆ మిషను మీద పాత దుప్పటి కప్పి ఉంది. మిషనమ్మ కుడికంటికి ఆపరేషనై అప్పటికి మూడు రోజులు. ఎడమ కన్ను ఏనాడో మసకబారింది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె ఎదుట కూతురు చేతులు జోడించి నిలబడి ఉంది. ఊహ తెలిసినప్పటి నుంచీ హాస్టళ్లలో ఉండి చదువుకుంటూ, తల్లి ఆపరేషనుకు ఇంటికొచ్చిన ఆ పిల్లను ఇంట్లో అందరూ చిన్నది అంటారు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను, రెండో చరణం చెప్పవే! ఇంకా నాలుగు రోజులే ఉంది!"

చిన్నదాని కాలేజీలో ఏటా ఒక పాటల సభ జరుగుతుంది. అక్కడ మైకులు ఉండవు. పిల్లలు ఎవరి ఇంటి నుంచి వాళ్లు, అచ్చులోకి ఎక్కని పాట ఒకటి తెచ్చి ఉత్త గొంతుతో పాడాలి. పక్కన ఒక గిటారు, ఒక వేణువు, ఒక చేతిడప్పు, అంతే! చివరి సంవత్సరం చదువుతున్న చిన్నది ఈసారి తల్లి పాట పాడతానని పేరు ఇచ్చేసింది. తీరా చూస్తే మూడు చరణాల్లో నడిమిది ఆమెకు రాదు.

"రావటం లేదే తల్లీ! నా కాలు ఆడితే గానీ నోరు ఆడదు. నెల రోజులు మిషను ముట్టుకోవద్దని ఆ డాక్టరు నా నోరు కట్టేశాడు!"

"డాక్టరు కట్టు కట్టింది కంటికేనమ్మా," అన్నాడు బస్సు డ్యూటీకి బయల్దేరుతున్న కొడుకు. "నీ నోరు కట్టగల డాక్టరు ఇంకా పుట్టలేదు."

సరిగ్గా అప్పుడే ఆ పొరపాటు జరిగింది! వాకిట్లో ఆరిన బట్టలు తెచ్చి మడతపెడుతున్న కోడలు, చేతులు పనిలో ఉండగా, మనసు ఎక్కడో ఉండగా, తనకు తెలియకుండానే గొంతెత్తింది.

"గింజ నాటిన గువ్వమ్మా, నీడ ఎవ్వరిదే..."



"ఆ పాట నీకెలా వచ్చింది?" అంది మిషనమ్మ. ఆ గొంతులో ఎన్నడూ లేని చల్లదనం!

"వింటూ వింటూ వచ్చేసింది అత్తయ్యా..."

"వింటూ వింటూనా! మా అమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముక్క ముక్కగా నా నోట్లో పెట్టింది. నేను నా కడుపున పుట్టినదాని నోట్లో పెడతాను. మధ్యలో నువ్వెవరు? అడగకుండా తీసుకున్నదాన్ని ఏమంటారో తెలుసా? దొంగసొమ్మంటారు!"

"ఏంటమ్మా ఆ మాటలు! ఇద్దరు పాడితే పాట అరిగిపోతుందా?" అని చిన్నది అరిచింది. కొడుకు తాళంచెవులు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

 కోడలు చేతిలో ఉన్న అత్తగారి చీరను అంచు అంచుకు కలిపి మడిచింది... మళ్లీ విప్పింది... మళ్లీ మడిచింది. తొమ్మిదేళ్లు! పగలు ఊరి గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు అట్టలు కట్టి, సాయంత్రం ఇంటికి రాగానే ఆ మిషను పక్కన చాప వేసుకుని కూర్చునేది. అత్తగారు కుట్టి పడేసిన జాకెట్లకు హుక్కులు, చొక్కాలకు గుండీలు తనే కుట్టేది. ఊహ తెలియకముందే తల్లిని పోగొట్టుకున్న మనిషి. ఆమె జీవితంలో విన్న జోలపాట అదొక్కటే! అదీ ఇరవై రెండేళ్ల వయసులో, ఒళ్లో పడుకుని కాదు, గుండీలు కుడుతూ! అది కూడా తనది కాదట. తొమ్మిదేళ్లలో ఆ ఇంట్లో ఒక్క గిన్నెకు కూడా "నాది" అని పేరు పెట్టుకోని ఆమె మీద దొంగ అన్న ముద్ర పడింది!

"ఇంకెప్పుడూ ఈ పాట నా నోట రాదు అత్తయ్యా," అంది చివరికి. "మీ కంటి మీద ఒట్టు."

అంత మాట ఎందుకు అనాలని మిషనమ్మకే అనిపించింది. కానీ నోరు జారిన మనిషికి వెనక్కి తగ్గడం అంత తేలిక కాదు. పైగా ఒక విచిత్రం జరిగింది. కోడలు పాడిన ఆ ఒక్క ముక్క కొసను పట్టుకుంటే, మరచిపోయాననుకున్న చరణమంతా ఆమెకు జ్ఞాపకం వచ్చింది. ఆ సాయంత్రమే కూతురిని కూర్చోబెట్టి మాటలు చెప్పి రాయించింది. కోడలు వంటగదిలోంచి బయటికి రాలేదు. ఆ తరవాత మూడు రోజులూ కంట్లో మందుచుక్కలు వేళ తప్పకుండా వేసింది. అన్నం కలిపి చేతికిచ్చింది. "అత్తయ్యా, తల పైకెత్తండి" అన్న మాట తప్ప మరో మాట లేదు.

సభ శనివారం సాయంత్రం నాలుగింటికి. కాలేజీ గ్రంథాలయం వెనక ఉన్న ఎత్తైన పాత హాల్లో. చెక్క కుర్చీలు, పొడుగాటి కిటికీలు, ముందు ఒక అడుగు ఎత్తు వేదిక. దాని మీద పన్నెండు మంది పిల్లలు అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. కోడలు అత్తగారిని చెయ్యిపట్టి తీసుకొచ్చి నడవ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుంది. అవతల కొడుకు. ముందు వరసలో ఆడపిల్లల హాస్టల్ వార్డెను.

"మీకు వేదిక కనిపిస్తోందా అండీ?" అని వార్డెను వెనక్కి తిరిగి అడిగింది.

"కనిపించకపోతేనేం అమ్మా! నాకు కనిపించక్కర్లేదు. వెయ్యి గొంతుల్లో ఉన్నా నా బిడ్డ గొంతు నాకు తెలుస్తుంది!"

మొదటి పాట పన్నెండు మందీ కలిసి అందుకున్నారు. కోతల పాట. మిషనమ్మ తల ఒక పక్కకు వంచి రెండు నిమిషాలు విని, చిటికె వేసింది.

"అదిగో! అందరినీ దాటుకుని పైకి లేస్తోందే, ఆ నిండు గొంతు... అదే మా చిన్నది!"

"అది మా హాస్టల్లో ఇంకో పిల్లండీ. మీ అమ్మాయి ఈ చివర ఉంది," అంది వార్డెను మెల్లగా.

"నా బిడ్డ గొంతు మీరు చెప్పాలా నాకు?"

వార్డెను మర్యాద తెలిసిన మనిషి. ముందుకు తిరిగి కూర్చుంది. రెండో పాటలో ఒక్కొక్కరు ఒక్కో ముక్క విడిగా పాడారు. చిన్నదాని వంతు వచ్చింది. తన బిడ్డ గొంతు తన చెవిలో పడిన ఆ క్షణంలో మిషనమ్మ కొడుకు వైపు వంగి, "ఈ పిల్లెవరో గానీ పాపం, ముక్కుతో పాడుతోందిరా. ఇంట్లో ఆవిరి పట్టించే దిక్కు లేదు కాబోలు!" అంది. కొడుక్కు పొరబోయింది. నాలుగు రోజులుగా నవ్వు మరచిన కోడలు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వేణువు ఆగింది. గిటారు మీద కొత్త వరస మొదలైంది. తరవాతి పాట అదే! దాన్ని అత్తగారి పక్కన కూర్చుని వినడం తన వల్ల కాదు. ఏడుపు వస్తుంది. నల్లకళ్లద్దాల వెనక ఉన్నా ఆ మనిషికి ఏడుపు తెలిసిపోతుంది. "మంచినీళ్లు తెస్తాను అత్తయ్యా" అని లేచి, గోడవారగా నడిచి, హాలు వెనక తలుపు దగ్గర నిలబడింది.

"ఏరు దాటే గువ్వమ్మా, ఏమి తెస్తావే?
అవతలి చేల గింజ ఒకటి అమ్మకిస్తానే..."

మొదటి చరణం చక్కగా సాగింది. చేతిడప్పు మెత్తగా నడిచింది. రెండో చరణం. "గింజ నాటిన గువ్వమ్మా..." అని అందుకుని చిన్నది ఆగిపోయింది. మళ్లీ అదే ముక్క. మళ్లీ ఆగింది! డప్పు రెండు చుట్లు తిరిగింది, గిటారు కుర్రాడు తలెత్తి చూశాడు. పిల్ల మొహం తెల్లబోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. ఇన్ని వందల మంది ఎదుట! ఎవరో నవ్వారు. బెదిరిన ఆ కళ్లు హాలంతా వెదికి వెదికి, వెనక తలుపు దగ్గర వదినను పట్టుకున్నాయి.

కోడలు ఒట్టు వేసింది! అదీ ఆపరేషనైన కంటి మీద! ఇప్పుడు నోరు విప్పితే ఆ కన్ను ఏమవుతుందో... దొంగ అన్న మాట రేపు ఇంకెంత పెద్దదవుతుందో... ఆ ఇంట్లో తనకు మిగిలిన చాపంత చోటు కూడా మిగులుతుందో లేదో! కానీ అక్కడ వణుకుతున్నది పరాయి పిల్లా? తొమ్మిదేళ్లుగా సెలవులకు రాగానే "వదినా, జడ వెయ్యవూ" అంటూ ముందుకొచ్చి కూర్చునే పిల్ల!

ఆమె తలుపు వదిలి ఒక అడుగు ముందుకు వేసింది.

"గింజ నాటిన గువ్వమ్మా... నీడ ఎవ్వరిదే?
నాటినమ్మ... ఎగిరిపోతే, నిలిచినమ్మదే..."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. సంగీతం నేర్చిన గొంతు కాదు. వెడల్పుగా, కొంచెం బొంగురుగా ఉంది. పైగా ఆమె పాట తాళంలో పూర్తిగా నిలవలేదు. "గువ్వమ్మా" దగ్గర ఒక క్షణం, "నాటినమ్మ" దగ్గర మరో క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగింది. డప్పు వాయించే అమ్మాయి మొదట తడబడి, తరవాత ఆ ఆగుళ్లకు తన చేతిని కూడా ఆపడం నేర్చుకుంది.

వెనక్కి తిరగనిది మిషనమ్మ ఒక్కతే. కోడలి చూపు మాత్రం ఆమె మీదే ఉంది. నడవలోకి చాచిన అత్తగారి కుడిపాదం కదులుతోంది... మడమ, మునివేళ్లు... మడమ, మునివేళ్లు... లేని పెడలును తొక్కుతోంది! పాట ఆగిన చోటల్లా ఆ పాదం ఆగుతోంది. పాట కదిలితే కదులుతోంది. చివరిదైన మూడో చరణం ముందు కోడలు ఇంకా పొడుగ్గా ఆగి, మొదటి మాట పలికింది. అక్కడి నుంచి చిన్నది అందుకుంది, వదినా మరదళ్లు ఇద్దరూ హాలు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడి పాట పూర్తిచేశారు.

చప్పట్లు మోగుతుండగానే వార్డెను వెనక్కి తిరిగింది. "ఎంత బాగా పాడిందండీ! వెనక నుంచి పాడినావిడ ఎవరో..."

"మా కోడలు," అంది మిషనమ్మ. "దాన్ని ఇలా పిలవండమ్మా."

కోడలు మంచినీళ్ల గ్లాసుతో వచ్చి నిలబడింది.  చిన్నది వేదిక దిగి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, వదినను ఏమీ అనకు! నేను మరచిపోయాను, అందుకే..." అని ఏడుపు అందుకుంది.

"నువ్వాగవే! ఏమే, ఆ ఆగుళ్లు నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు అత్తయ్యా... పాటలోనే ఉన్నాయి కదా..."

"పాటలో లేవే పిచ్చిదానా!" అంది మిషనమ్మ. "అవి పాటలో లేవు! మూల రాగానే సూదిని గుడ్డలో దించి, గుడ్డను అదిమే మిషను పాదం ఎత్తి, బట్ట తిప్పేదాన్ని. ఆ కాస్తసేపు నోరు ఆగేది. నీకవి పాటనిపించాయా? నేను బట్ట తిప్పినప్పుడల్లా నువ్వు వింటూనే ఉన్నావా తల్లీ, ఇన్నేళ్లూ!"

"మరి నేను అవేం వినలేదేమిటమ్మా?" అంది చిన్నది కళ్లు తుడుచుకుంటూ.

"నువ్వెక్కడున్నావే, హాస్టల్లో! నా మిషను పక్కన కూర్చున్నది ఇదొక్కతే." మిషనమ్మ చెయ్యి గాలిలో తడుముతూ కోడలి మణికట్టును పట్టుకుంది. "మొదటి ఆగుడు దగ్గరే పోల్చుకున్నాను. దొంగ అన్నాను నిన్ను... నా నోరు పడిపోనూ!"

"అయ్యో, అలా అనకండి అత్తయ్యా! ఒట్టు తప్పింది నేను... మీ కన్ను..."

"నా కన్ను మందుచుక్కలకు బాగవుతుంది గానీ నీ ఒట్టుకు కాదు. అది సరే... చివరి చరణం ముందు ఇంకో ఆగుడు ఉంది చూడు, పొడుగాటిది. అదీ పాడావు. అది నాది కాదే! ఇందాక వింటుంటే తెలిసింది. మా అమ్మ తిరగలి ఆపి గుప్పెడు గింజలు పోసుకునే చోటు అది." ఆమె కోడలి మణికట్టు నిమిరింది. "ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పిందని చెప్పుకుంటూ వచ్చాను. ఆవిడకంత తీరిక ఎక్కడిది! నేనూ పక్కన కూర్చుని విన్నదాన్నే."

కోడలు ఆ నడవలోనే నేల మీద కూలబడి, అత్తగారి మోకాళ్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. మిషనమ్మ ఆమె తల నిమురుతూ కూర్చుంది. కొడుకు గ్లాసు అందుకుని, ఎవరికివ్వాలో తోచక, తనే తాగేశాడు.

"అమ్మా," అన్నాడు తరవాత, "ఆవిరి పట్టించే దిక్కులేని ఆ పిల్ల ఎవరో తెలిసిందా?"

"ఎవరురా?"

"అన్నయ్యా, చెప్పకు!" అంది చిన్నది.

పదో రోజున డాక్టరు పరీక్షించి, కన్ను చక్కగా ఉందన్నాడు. నెల తిరిగాక మిషను మీద దుప్పటి తీశారు. పక్కన చాప పరిచారు. సభలో పాడినవారు, కోడలితో కలిపి, పదమూడు మంది. తన పాట మొదలవకముందు మిషనమ్మ కూతురి గొంతును రెండుసార్లు విని రెండుసార్లూ పోల్చుకోలేదు. కోడలి గొంతును ఒక్కసారి విని పోల్చుకుంది.