నోరు విప్పని మ్యూజిక్ ప్లేయర్

వోబ్బే చనిపోయి గంటా పది నిమిషాలైంది. నింకే కోపం ఇంకా తగ్గలేదు.

హార్లింగెన్ రేవులో, చేపల దుకాణం వెనక, సైలెన్సర్ బిగించిన తుపాకీతో ఎవరో కాల్చారు. ఒకే ఒక్క తూటా. పన్నెండేళ్లు తనతో కలిసి పనిచేసిన ఏజెంట్ తడి రాళ్ల మీద బోర్లా పడి ఉన్నాడు. పోస్ట్‌ఉమన్ వేషంలో ఉన్న నింకే ఉత్తరాల సంచీ కిందపెట్టి అతని జేబులు వెతికింది. పాత మ్యూజిక్ ప్లేయర్ ఒకటి దొరికింది. బటన్ నొక్కింది. వెలగలేదు.

ఫోన్ మోగింది.

"చేప తాజాదేనా?" చీఫ్ గొంతు. ఆఫీసు కోడ్ మాట.

"పొద్దున పట్టిందే. చెప్పండి."

"నాలుగింటికి ఐదు రేవుల నుంచి ద్వీపాలకు బయల్దేరే ఐదు ఓడల్లో ఒకదాంట్లో బాంబుంది. ఏ ఓడో కనిపెట్టానని, ప్లేయర్లో రికార్డు చేశానని రాత్రి వోబ్బే మెసేజ్ పెట్టాడు."

"ప్లేయర్ వెలగట్లేదు. ఐదూ ఆపేయండి!"

"ఆపితే బాంబు పెట్టిన విదేశీ ముఠా రిమోట్ నొక్కేస్తుంది. ఒక్కో ఓడలో మూడొందల మంది. దాన్ని బాగుచేసే మన ల్యాబ్ రెండు గంటల దూరం. నీకు గంటే ఉంది."

"ఆ ముక్క ఫోన్లోనే చెప్పి చావొచ్చుగా వాడు!"

"ఆఫీసు లైన్లు మనవాళ్లే ఎవరో వింటున్నారని వాడి అనుమానం. ఇది మా ఆవిడ ఫోన్."

శనివారం మధ్యాహ్నం. ఊళ్లో రిపేర్లు చేసే చోటు ఒక్కటే తెరిచి ఉంది. చర్చి హాల్లో, రిటైరైన పెద్దలు వస్తువులు ఉచితంగా బాగుచేసిపెట్టే రిపేర్ కెఫే. టోస్టర్లు, ఇస్త్రీపెట్టెలు ఒళ్లో పెట్టుకుని జనం కాఫీ తాగుతున్నారు.

"ముందు నంబరు తీసుకోండి," అన్నాడు మైండర్ట్. రేడియో ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు పనిచేసిన మనిషి. "తర్వాత ఫారం."

"ప్రాణాలు పోతాయి పెద్దాయనా!"

"మిక్సీ తెచ్చినావిడా ఇదే అంది. నింపమ్మాయ్."

నింకే పళ్లు కొరుకుతూ, పది ప్రశ్నలకూ చదవకుండానే 'అవును' అని టిక్కులు కొట్టింది. ఆమె చొక్కా మీది రక్తం చూసి టోస్టర్ ఆయన తన వంతు ఇచ్చేశాడు.

మైండర్ట్ బ్యాటరీ మూత తీశాడు. లోపలంతా తెల్లటి పొడి.

"బ్యాటరీ కారింది. ఇది నెలల నాటి తుప్పు. ఇన్నాళ్లూ ఎలా పనిచేసిందో!"

"అరచేతికేసి కొట్టేవాడు. సైకిల్ దీపంలో చచ్చిపోయిన బ్యాటరీ తీసి ఇందులో వేసుంటాడు. పిసినారి! నిన్న పొద్దున దాని గురించే పోట్లాడా. కొత్తది కొనుక్కోరా, లేకపోతే నాతో మాట్లాడకు అని చెప్పి వచ్చేశా."

వంటగదిలోంచి వెనిగర్ తెప్పించి, దూదిపుల్లతో మెల్లగా తుడిచాడు మైండర్ట్.

"ఇక ఆరాలి. పది నిమిషాలు."

"పది నిమిషాలా!"

"తడి మీద బ్యాటరీ వేస్తే లోపలున్నదంతా పోతుంది. అరిస్తే ఆరదు."

అప్పుడే హాల్లోకి ఎర్ర కోటు, దానివెంట ఖరీదైన సెంటు వాసన. రోక్సాన్. ఆఫీసులో అందరూ తల తిప్పి చూసే ఏజెంట్.

"చేప తాజాదేనా, నింకే? బయట వ్యాన్లో మన టెక్నీషియన్లున్నారు. ఇటివ్వు."

"పట్టుకుపో! ఈ ముసలాయనతో నా వల్ల కాదు."

మైండర్ట్ ప్లేయర్ మీద అరచెయ్యి పెట్టేశాడు. "సగం పని చేసిన వస్తువు బల్ల దాటదు."

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?" అంది రోక్సాన్.

"నంబరు లేని ఆవిడతో."

మూడూ యాభై. మైండర్ట్, నింకే సైకిల్ దీపంలోని కొత్త బ్యాటరీ తీసి వేశాడు. బటన్ నొక్కాడు. వెలగలేదు. నింకే బల్ల మీద గుద్దింది. ముసలాయన తొణక్కుండా ఫారం తీసి చూశాడు.

"రెండో ప్రశ్న. పక్కనున్న లాక్ మీట తీసి చూశారా? 'అవును' అన్నారే?"

ఆయన గోటితో మీట జరిపాడు. తెర నీలంగా వెలిగింది.

ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది. వోబ్బే గొంతు, కాస్త జలుబుతో.

"హార్లింగెన్ ఓడే. వెనక డెక్ మీద ఆకుపచ్చ సైకిల్, ఎడమ సంచీ. నాలుగింటికి పేలుతుంది. రిమోట్ రోక్సాన్ దగ్గరుంది. అవును, మన రోక్సానే."

"ఏమంటున్నాడు?" రోక్సాన్ ముందుకు వంగింది.

"పాటలు. వాడి టేస్టు నీకు తెలిసిందేగా."

రోక్సాన్ నవ్వింది. నవ్వుతూనే హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది. నింకే బల్ల మీది సోల్డరింగ్ ఐరన్ లాగి ఆ మణికట్టుకు ఆనించింది. కేక. లిప్‌స్టిక్ ఒకటి నేల మీద దొర్లింది. దాని అడుగున చిన్న బటన్.

"అమ్మాయ్, ఐరన్ వలంటీర్లే ముట్టుకోవాలి," అన్నాడు మైండర్ట్, లిప్‌స్టిక్ మీద కాఫీ కప్పు బోర్లిస్తూ.

టోస్టర్ ఆయనా, మిక్సీ ఆవిడా కలిసి ఎక్స్‌టెన్షన్ వైరుతో రోక్సాన్‌ను కుర్చీకి కట్టేస్తుంటే నింకే ఓడవాళ్లకు ఫోన్లో అరిచి చెబుతోంది. మూడూ యాభై ఎనిమిదికి ఓడలోంచి ఒక నావికుడు ఆకుపచ్చ సైకిలెక్కి, ఖాళీ గట్టు చివరిదాకా తొక్కి, దాన్ని సముద్రంలోకి తోసి వెనక్కి పరుగెత్తాడు. నాలుగింటికి నీళ్లు చర్చి గోపురమంత ఎత్తు లేచాయి. హాల్లో కప్పులు గలగలలాడాయి. మూడొందల మంది ఓడలోంచి తమ సెలవుల సామాన్లతో మామూలుగా దిగారు.

మైండర్ట్ తెర వైపు చూశాడు. "ఇంకా రెండు నిమిషాల రికార్డింగుంది. వినరా?"

ఆమె అప్పటికే 'నింకే, పొద్దున నువ్వన్నది...' దాకా విని ఆపేసింది. ఇయర్‌ఫోన్ తీసేసింది. బ్యాటరీ ఊడదీసి వేరే జేబులో వేసుకుంది.

"వద్దు పెద్దాయనా. వాడు సారీ చెప్పేస్తే, రేపటి నుంచి నేనెవరి మీద కోప్పడాలి?"